విష్ణు దిగంబర పలుస్కరు: గాయకుని గౌరవము, ప్రజల ధర్మము

మన దేశమున సంగీతమునకు గౌరవము లేని కాలము లేదు. సంగీతము పాడువానికి గౌరవము లేని కాలము మాత్రము చాల దీర్ఘముగా నడచినది. నాదము బ్రహ్మమని చెప్పిన నోటితోనే నాదోపాసకుని పాటకుడని తేలికచేసితిమి. పాట విని తలలూచి, పాడినవానిని వాకిటనే నిలిపి పంపితిమి. కళాకారుని కూడు ఒక ప్రభువు దయపై ఆధారపడి యుండెను. ప్రభువు అభిరుచి మారినను, ప్రభువే మారినను, వాని కుటుంబము వీధిని పడవలసినదే. ఆస్థానముల వెలుగు క్రమముగా సన్నగిల్లిన పిమ్మట ఆ భారము నెవరు వహింపవలెను? ఈ ప్రశ్నకు ఉపన్యాసములతో గాక తన జీవితముతో సమాధానము చెప్పిన మహనీయుడు పండిత విష్ణు దిగంబర పలుస్కరు. ఆయన చెప్పిన సమాధానము ఒక్కటే: ప్రజలు.

విష్ణు దిగంబరుడు 1872 ఆగస్టు 18వ తేదీని మహారాష్ట్ర దేశమునందలి కురుంద్వాడ సంస్థానమున జన్మించెను. తండ్రి దిగంబర గోపాలుడు కీర్తనకారుడు. హరికథను బోలిన ఆ కళయే ఆయిల్లు గడపినది. బాల్యమున ఒక ఉత్సవ సందర్భమున బాణసంచా ప్రేలి బాలుని కన్నులు దెబ్బతినెను. చూపు మిక్కిలి మందగించుటచే పాఠశాల చదువు సాగలేదు. చికిత్స కొఱకు మిరజు చేర్చిన తరుణముననే ఆ బాలుని జీవితము మఱియొక దారి పట్టెను. గ్వాలియరు సంప్రదాయమున ఆరితేరిన బాలకృష్ణబువా ఇచల్‌కరంజీకరు అచట నుండెను. మిరజు సంస్థానాధీశుని ఆదరమున విష్ణువు ఆ గురువుకడ చేరి, 1896వ సంవత్సరము వఱకు పండ్రెండు సంవత్సరములు శుశ్రూష చేసి ఖయాలు గానమున నిష్ణాతుడయ్యెను.

మిరజులో జరిగిన ఒక సంఘటనను ఆయన చరిత్రకారులు తఱచుగా చెప్పుదురు. ఊరిలో ఒక సభ జరిగెను. సంస్థానాధీశుని ఆదరమునకు పాత్రుడగుటచే శిష్యునికి ఆహ్వానము వచ్చెను, గురువునకు రాలేదు. కారణ మడుగగా, వారు గాయకులు మాత్రమే గదా యన్న భావముగల సమాధానము వచ్చెనట. అంతటి విద్వాంసుడు ఆ యూరి పెద్దమనుష్యుల వరుసలో కూర్చుండుటకు తగడను మాట యువకుని హృదయమున ములుకువలె నాటుకొనెను. అవమానము పొందినవారు మనలో వేలకొలది గలరు. ఆ అవమానమునకు మూలమేదని వెదకువారు కొద్దిమంది. ఆశ్రయమున్నచోట గౌరవముండదని విష్ణు దిగంబరుడు గ్రహించెను.

1896లో మిరజు విడచి ఆయన దేశాటనమునకు బయలుదేరెను. బరోడా, సౌరాష్ట్రము, గ్వాలియరు, మధుర మున్నగు చోట్ల సంచరించెను. సౌరాష్ట్రమున ఆయన చేసిన పని నేటి దృష్టికి స్వల్పముగా దోచును గాని, నాటికి విప్లవమే. స్వల్పమైన రుసుము నిర్ణయించి, టిక్కెట్టు కొన్న ప్రతివానికిని ప్రవేశ మిచ్చి, బహిరంగముగా కచేరీ చేసెను. అంతవఱకు గొప్ప గానము కోటలోనో, కోవెలలోనో వినవలసినదే. టిక్కెట్టు పెట్టుట ధనార్జనకే యని కొందఱు అనుకొందురు. దానియందొక ధర్మము గలదు. నాలుగణాలిచ్చి వినువాడు యజమాని కాడు. గాయకుడు సేవకుడు కాడు. ఇరువురును సమానులై ఎదురెదురుగా కూర్చుందురు. మధురలో ఆయన వ్రజభాష నేర్చి, పాటలలోని సాహిత్యమును అర్థముతో గ్రహించెను. పాడుచున్న మాట కర్థము తెలియని గాయకుడు, వినుచున్న మాట కర్థము తెలియని శ్రోత, ఇరువురును లోపభాజనులే యని ఆయన నమ్మకము.

ఈ భావములన్నియు 1901 మే 5వ తేదీన లాహోరు నగరమున రూపు దాల్చెను. ఆనాడు ఆయన గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించెను. లాహోరు 1947లో పాకిస్తానమున జేరినది. కాని ఆధునిక హిందూస్థానీ సంగీత విద్యాలయముల చరిత్ర వ్రాయబూనువాడు ఆ నగరమును విడచి వ్రాయజాలడు. రాజుల పోషణపై గాక ప్రజల చందాలపై, కచేరీల రాబడిపై నడచిన తొలి సంగీత పాఠశాలలలో నిది అగ్రగణ్యము. మహారాష్ట్రుడొకడు, చూపు సరిగా లేనివాడు, భాష వేఱైన పంజాబుదేశమున బిచ్చపుజోలె పట్టక, కచేరీలు చేసి, సంపాదించినదంతయు ఒక విద్యాలయమున బోయుట సామాన్య సాహసము కాదు.

ఆ విద్యాలయపు ఏర్పాటు గమనింపదగినది. రుసుము చెల్లించి కొన్ని గంటలు నేర్చుకొని పోవు గృహస్థులకు తరగతులు వేఱు, స్త్రీలకు వేఱు. సంగీతమే జీవితముగా గైకొన దలచిన యువకులకు ఉపదేశక శ్రేణి వేఱు. ఈ యువకులు విద్యాలయముననే నివసించి, అనేక సంవత్సరములు నియమముతో అభ్యసించి, పిమ్మట తామే ఉపాధ్యాయులై దేశమున నలుదెసలకు పోవలెను. మొదటి తరగతివారి వలన సంగీతమునకు శ్రోతలు పెరిగిరి. రెండవ తరగతివారి వలన గురువులు పెరిగిరి. శ్రోత లేని గాయకుడును, గాయకుడు లేని శ్రోతయు నిష్ప్రయోజకులే గావున ఆయన రెండుచేతులతో రెండు పనులను ఒక్కసారి చేసెను. స్వరలిపిని తానే కల్పించెను. విద్యాలయమునకు సొంత ముద్రణాలయము నేర్పరచి, సంగీత బాలప్రకాశము మొదలగు పాఠ్యగ్రంథములను అచ్చొత్తించెను. గురుముఖమున రహస్యముగా నుండిన విద్య పుస్తకమున కెక్కెను.

యువకులయందు ఆయనకున్న విశ్వాసమున కొక్క నిదర్శనము చాలును. 1916లో లాహోరు విద్యాలయపు ప్రధానోపాధ్యాయ పదవిని ఆయన ఓంకారనాథ ఠాకూరునకు అప్పగించెను. ఓంకారనాథుడు జన్మించినది 1897లో. అనగా ఇరువది యేండ్లయినను నిండని యువకుడు! మన సంస్థలలో నలువదియేండ్లవానిని సైతము కుఱ్ఱవాడని వెనుకకు నెట్టుచుండుట యెఱిగినవారికి ఇందలి పాఠము వేఱుగా చెప్పనక్కఱలేదు.

1908లో విష్ణు దిగంబరుడు బొంబాయిలో శాఖ నెలకొల్పెను. పని పెరిగెను, క్రమముగా బొంబాయియే కేంద్రమయ్యెను. విద్యాలయమునకు సొంత భవనము, విద్యార్థులకు వసతిగృహము కావలెనని సంకల్పించి, పెద్ద మొత్తములు అప్పుచేసి కట్టించెను. అప్పు తీర్చుటకు ఊరూర తిరిగి కచేరీలు చేసెను. ఒక్క కంఠము వడ్డీని, అసలును, విద్యార్థుల భోజనమును, ఉపాధ్యాయుల జీతమును మోయవలసి వచ్చెను. ఎంతటి కంఠమైనను ఇంత బరువును ఎంతకాలము మోయగలదు? 1924లో ఆయన కచేరీల నిమిత్తము తిరుగుచుండగా ఋణదాతలు ఆస్తిని జప్తు చేయించిరి. విద్యాలయ భవనము వేలమునకు బోయెను.

ఈ ఘట్టమున మనము ఒక్కింత నిలిచి ఆలోచింపవలెను. బొంబాయి వంటి నగరమున లక్షాధికారులు లేకపోయిరా? ఆయన గానమును విని పరవశులైనవారు లేకపోయిరా? కలరు. కాని సంస్థ ఆయనదని అందఱు దలచిరి. తమదని ఎవ్వరును దలపలేదు. లోపము ఒకవైపుననే లేదు. ఆదాయమునకు మించిన కట్టడమును కట్టబూనుట, సంస్థ భారమంతయు వ్యవస్థాపకుని భుజములపై నుండుట కూడ లోపములే. చప్పట్లు వేఱు, చందా వేఱు. చందా వేఱు, బాధ్యత వేఱు. ప్రజాసంస్థ యన ప్రజలు వినుట మాత్రమే కాదు, ప్రజలు లెక్కలు చూచి, లోటు పూడ్చి, తరువాతి తరమున కప్పగించుట.

రాజకీయరంగమునను ఆయన గానము దేశసేవ చేసెను. కాంగ్రెసు మహాసభలలో వందేమాతర గీతమును పాడుట ఆయన వ్రతముగా స్వీకరించెను. ఆంధ్రదేశమునకు ఆయనతో గల సంబంధము ఇచ్చటనే. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు సమావేశ మయ్యెను. అధ్యక్షుడు మౌలానా మహమ్మదలీ. పలుస్కరు గీతము నారంభింపగా అధ్యక్షుడు తన మతధర్మమునకు గానము సమ్మతము కాదని అభ్యంతరము చెప్పెను. పలుస్కరు వినయము విడువక, కాని వెనుదీయక, ఇది సర్వజాతులకును జెందిన జాతీయసభయే గాని ఒక్క మతమువారి మందిరము కాదను భావమును దెలిపి, గీతమును తుదవఱకు పాడి ముగించెను. మిరజులో తన గురువును సభకు పిలువదగడనిరి. కాకినాడలో గాయకుడు జాతీయసభ వేదికపై తన స్థానమును తానే నిలుపుకొనెను.

అయినను ఆయనను విమర్శకు అతీతునిగా జేయుట న్యాయము కాదు. పాటలలోని శృంగారమును తొలగించి, భక్తినే ప్రధానము చేసెను. దీనివలన గృహస్థులు తమ పిల్లలను నిస్సంకోచముగా సంగీతశాలకు పంపిరి. కాని సంగీతము ఒక్క హిందూ భక్తివాహినియే యను అభిప్రాయము కొందఱిలో బలపడెను. ఆయన పాడిన గ్వాలియరు గానము హస్సూఖాను, హద్దూఖాను వంటి ముస్లిం విద్వాంసుల కంఠములనుండి ప్రవహించి వచ్చినదే. గంగకు ఏ రేవున స్నానము చేసినను, పైరేవులలోని నీరు మనది కాదనరాదు. విద్యాలయముల వ్యాప్తిలో వంశపారంపర్యపు ఉస్తాదులకు తగిన చోటు దొరకలేదను మాట చరిత్రకారులు వ్రాసినదే; అందు సత్యము గలదు.

భవనము పోయిన పిమ్మట ఆయన విరాగియై నాసికలో రామనామాశ్రమమున కాలము గడపెను. కాషాయము ధరించి, రామనామము పాడుచు, శిష్యులకు నేర్పుచుండెను. దేశమంతట మారుమ్రోగిన రఘుపతి రాఘవ భజన బాణీ ఆయన కంఠమునుండి వచ్చినదే యని ప్రసిద్ధి. ఆయన శిష్యుడు నారాయణ మోరేశ్వర ఖరే సబర్మతి ఆశ్రమమున ప్రార్థనాగానము నేర్పి, 1930లో గాంధీమహాత్ముని దండియాత్రలో నడచెను. గృహజీవితమున పలుస్కరు అనుభవించిన దుఃఖము అపారము. పుట్టిన బిడ్డలలో పలువురు శైశవముననే పోయిరి. 1921లో జన్మించిన దత్తాత్రేయుడు మాత్రము దక్కెను. 1931 ఆగస్టు 21వ తేదీన మిరజులో విష్ణు దిగంబరుడు కన్నుమూసెను. అప్పటికి కుమారునకు పదియేండ్లు.

మరణానంతరము జరిగినది ఆయన జీవితమునకు నిజమైన భాష్యము. ఆ సంవత్సరముననే శిష్యులు కూడి అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలిని స్థాపించిరి. అది నేటికిని దేశమంతట పరీక్షలు నడపుచున్నది. వినాయకరావు పట్వర్ధను 1932లో పూనాలో విద్యాలయము తెఱచెను. వినాయకరావు, నారాయణరావు వ్యాసు గురుపుత్రునకు విద్య చెప్పిరి; ఆ బాలుడే డి. వి. పలుస్కరు పేర దేశమును మురిపించి, 1955లో ముప్పది నాలుగేండ్లకే అస్తమించెను. ఓంకారనాథుడు 1950లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున సంగీతశాఖకు అధిపతి యయ్యెను. ఇటుకలతో గట్టినది వేలమున బోయినది. మనుష్యులతో గట్టినది నిలిచినది.

మనకు దీనివలన తెలియవలసినది స్పష్టము. విజయనగర ప్రభువులు 1919లో సంగీత కళాశాలను స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షునిగా నిలిపిరి. ప్రభువుల కాలమున ప్రభువులు తమ ధర్మమును కొంత నెరవేర్చిరి. ప్రభువుల అధికారము ప్రజలకు వచ్చినప్పుడు వారి హక్కులతోపాటు వారి ఋణములును ప్రజలకు సంక్రమించును. ఊరిలో హరికథ జరిగినను, నాటకమాడినను, యక్షగానము కట్టినను, ఉచితముగా ముందువరుసలో కూర్చుండుట పెద్దరికమని యెంచువాడు మిరజు సభవారికి వారసుడు. తన టిక్కెట్టు తాను కొని, ఒక పేద విద్యార్థికి గురుదక్షిణ చెల్లించి, సభ లెక్కలను ఏటేట బహిరంగముగా చదివించువాడు విష్ణు దిగంబరునికి వారసుడు.

ఒక పంట రాబడిలో స్వల్పభాగము, నెలకొక సాయంకాలము, సంస్థలో యువకులకు ఒక్క నిజమైన బాధ్యత: ఈ మూడింటిని ప్రతి పట్టణమును సమకూర్పగలదు. భవనమునకై తొందరపడ నక్కఱలేదు. రావిచెట్టు నీడను గురువు కూర్చుండిన చాలును. కాని ఆ గురువునకు నెల తిరిగినంతనే జీతము ముట్టవలెను. ఆ ఏర్పాటు లేనిచోట ఎన్ని శాలువలు కప్పినను, ఎన్ని బిరుదులిచ్చినను, గాయకుడు మఱల వాకిటనే నిలువవలసి వచ్చును.