దుమ్మును పట్టిన మహనీయుడు – ఫ్రెడరిక్ కాట్రెల్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరారు. దేశనాయకుల గురించి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి వంటి ఇంజనీర్ల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ మెయింటెనెన్స్‌లో చేరి, సర్వీసులో ఎక్కువ కాలం ఇ.ఎస్.పి. మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. నా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ యంత్రం పుణ్యమే. కనుక దానికి మూలపురుషుడైన అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గార్డ్నర్ కాట్రెల్ గారి గురించి నాలుగు మాటలు రాయడం నా విధి అనుకున్నాను.

అకౌంట్స్, స్టోర్స్, ఆఫీసు విభాగాలలో పనిచేసిన సోదర సభ్యుల కోసం ముందుగా ఆ యంత్రం సంగతి చెబుతాను. ఇ.ఎస్.పి. అంటే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. బాయిలర్ నుంచి వచ్చే పొగ చిమ్నీకి పోయే ముందు ఒక పెద్ద ఇనుప గదిలోంచి సాగుతుంది. అందులో వరుసగా ఇనుప రేకులు, వాటి మధ్య సన్నని తీగలు ఉంటాయి. తీగలకు వేల వోల్టుల డి.సి. కరెంటు ఇస్తే, వాటి చుట్టూ ఉన్న గాలిలో విద్యుదావేశం పుట్టి బూడిద రేణువులకు అంటుకుంటుంది. ఆ రేణువులు రేకుల వైపు లాగబడి అక్కడ పొరగా పేరుకుంటాయి. సుత్తులు రేకులను కొట్టినప్పుడు ఆ పొర రాలి కింద ఉన్న హాపర్‌లో పడుతుంది. గది ఒకటే అయినా లోపల దాన్ని కొన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి విడిగా కరెంటు ఇస్తారు. ఆ భాగాన్ని ఫీల్డ్ అంటాము.

కాట్రెల్ గారు 1877 జనవరి 10న కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లాండ్‌లో జన్మించారు. 1896లో, పందొమ్మిదేళ్ళ వయసులోనే బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నారు. కొంతకాలం ఓక్లాండ్ హైస్కూల్లో రసాయన శాస్త్రం చెప్పి, తరువాత జర్మనీ వెళ్ళి, లైప్‌జిగ్‌లో ఆస్ట్వాల్డ్ అనే మహా పండితుని వద్ద 1902లో డాక్టరేట్ పొందారు. స్వదేశానికి వచ్చి బర్క్‌లీలోనే అధ్యాపకులుగా చేరారు.

1906 ప్రాంతంలో పినోల్ అనే ఊరి దగ్గర డుపాంట్ కంపెనీ ఫ్యాక్టరీలో ఒక సమస్య ఆయన ముందుకు వచ్చింది. అక్కడ సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారయ్యేటప్పుడు మంచులాంటి సన్నని తుంపర పుట్టేది. ఏ వడపోతకూ అది లొంగేది కాదు. కాట్రెల్ గారు మొదట గిర్రున తిరిగే యంత్రంతో దాన్ని విడదీయాలని చూశారు. ఆ దారి అంతగా ఫలించక విద్యుత్తు వైపు మళ్ళారు.

విద్యుత్తుతో పొగను అణచవచ్చని అప్పటికే తెలుసు. 1824లోనే జర్మనీలో హోల్‌ఫెల్డ్ అనే ఉపాధ్యాయుడు గాజు జాడీలో పొగను ఇలా దించి చూపించాడు. 1880లలో ఇంగ్లండు శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ ఈ విషయాన్ని శోధించగా, వేల్స్‌లోని ఒక సీసం ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున పెట్టి చూశారు. చక్రం తిప్పి కరెంటు పుట్టించే ఆనాటి యంత్రం అంత పొగకు చాలలేదు. సీసపు పొగ కూడా పట్టడానికి కష్టమైన రకం. ఆ ప్రయత్నం విఫలమయ్యాక సుమారు ఇరవై ఏళ్ళు ఎవరూ దాని జోలికి పోలేదు.

కాట్రెల్ గారికి కలిసివచ్చింది కాలం. అప్పటికి ఎ.సి. కరెంటు లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి. ఆయన ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి పెంచి, మోటారుతో తిరిగే రెక్టిఫయర్ ద్వారా దాన్ని ఒకే దిశలో పారే కరెంటుగా మార్చారు. ఒకనాడు చీకటి పడ్డాక ప్రయోగం చేస్తుండగా మరో సంగతి కంటపడింది. ఒట్టి తీగ మీద వెలుగు సరిగా లేదు. నూలు చుట్టిన తీగ మాత్రం పొడవునా ఊదా రంగులో మెరుస్తోంది. నూలు పోగుల సన్నని కొసల నుంచి కరెంటు సమంగా గాలిలోకి విడుదలవుతోందని ఆయన గ్రహించారు. అలా మామూలు నూలుదారం ఒక పెద్ద చిక్కు విప్పింది. 1908 ఆగస్టులో ఆయనకు పేటెంటు లభించింది.

వస్తువు తయారైంది. దాన్ని కొనేవాడెవడు అన్నది తరువాతి ప్రశ్న. నా దృష్టిలో ఆయన జీవితంలో మనం నేర్చుకోవలసిన భాగం ఇక్కడే ఉంది. గాలి శుభ్రపడాలని ఏ ఫ్యాక్టరీ యజమానీ తనంతట తాను డబ్బు తీయడు. కోర్టు మొట్టికాయ వేస్తే తీస్తాడు, లేదా పట్టిన దుమ్ము డబ్బు చేస్తుందని తెలిస్తే తీస్తాడు. కాట్రెల్ గారి తొలి గిరాకీలన్నీ ఈ రెండు దారుల్లో వచ్చినవే.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున సెల్బీ అనే సీసం, వెండి కరిగించే ఫ్యాక్టరీ ఉండేది. దాని పొగ నీటి మీదుగా అవతలి ఒడ్డున ఉన్న పొలాల మీద పడుతోందని సోలనో కౌంటీ ప్రజలు కోర్టుకెక్కారు. కాట్రెల్ గారి యంత్రం అక్కడ మొదట యాసిడ్ తుంపర మీద పనిచేసి మెప్పు పొందింది. ఆ తరువాత దక్షిణాన రివర్‌సైడ్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ వంతు వచ్చింది. దాని దుమ్ము చుట్టుపక్కల నారింజ తోటల మీద తెల్లగా పరుచుకునేది. తోటల వాళ్ళు దావాలు వేశారు. అక్కడ వాల్టర్ ష్మిట్ అనే యువ ఇంజనీరు నూలు చుట్టిన తీగ బదులు సన్నని లోహపు తీగే చాలునని తేల్చి, యంత్రాన్ని సిమెంటు దుమ్ముకు సరిపడేలా తీర్చాడు. ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి జర్మనీ నుంచి పొటాష్ ఎరువు రావడం ఆగిపోయింది. సిమెంటు బట్టీల దుమ్ములో పొటాష్ ఉంది. నిన్నటిదాకా దావాలు తెచ్చిన దుమ్ము ఆనాడు అమ్ముడుపోయే సరుకైంది.

ఒక పరాజయం కూడా చెప్పాలి. ఉత్తర కాలిఫోర్నియాలో బలక్లాలా అనే రాగి ఫ్యాక్టరీలో 1910లో ఈ యంత్రాన్ని భారీగా బిగించారు. దుమ్ము చాలావరకు పట్టింది. కాని చెట్లను మాడ్చే గంధకపు వాయువు మాత్రం యథాతథంగా బయటికి పోయింది. వాయువుకు రేణువులు ఉండవు కనుక ఈ యంత్రానికి అది చిక్కదు. మరుసటి ఏడు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తన యంత్రం ఏది చేయగలదో, ఏది చేయలేదో కాట్రెల్ గారికి తెలుసు. మన కాలంలో ఆ తేడా తెలియకుండా ఇ.ఎస్.పి. పెట్టాం కదా, ఇక కాలుష్యం లేదు అనుకున్న అధికారులను నేనెరుగుదును.

ఇప్పుడు ఆయన గొప్పతనానికి వస్తాను. ఆ పేటెంట్ల మీద ఆయన కోటీశ్వరుడు కావచ్చు. పశ్చిమ రాష్ట్రాల హక్కులు ఆరంభంలో పెట్టుబడి పెట్టిన మిత్రుల కంపెనీకి పోగా, తక్కిన హక్కులను 1911లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు ఉచితంగా ఇవ్వజూపారు. వచ్చే లాభమంతా కొత్త పరిశోధనలకు పోవాలన్నది ఆయన కోరిక. విజ్ఞాన సంస్థ వ్యాపారం చేయడం కుదరదు గనుక, దాని కార్యదర్శి చార్లెస్ వాల్కాట్ తోడ్పాటుతో 1912లో న్యూయార్క్‌లో రీసెర్చ్ కార్పొరేషన్ ఏర్పడింది. అది ఈ యంత్రాలను అమ్మింది, లాభాలను శాస్త్రవేత్తలకు పంచింది. అణువులను ఛేదించడానికి లారెన్స్ నిర్మించిన సైక్లోట్రాన్‌కు, గొడార్డ్ రాకెట్టు ప్రయోగాలకు ఆ సొమ్ము సాయపడింది. చిమ్నీ బూడిద నుంచి వచ్చిన డబ్బు రాకెట్టుకు దోహదం చేసిందంటే ఎంత చిత్రం!

ఆయన మాత్రం జీతం మీద బతికారు. 1911లో ప్రభుత్వ గనుల బ్యూరోలో చేరి, అంచెలంచెలుగా ఎదిగి 1920లో దాని డైరెక్టరయ్యారు. సహజవాయువు నుంచి హీలియం తీసే పనిని ప్రోత్సహించారు. 1922 నుంచి 1930 వరకు గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే ప్రభుత్వ ప్రయోగశాలను నడిపారు. 1948 నవంబరు 16న, తాను చదివిన బర్క్‌లీలోనే, జాతీయ విజ్ఞాన అకాడమీ సమావేశంలో కూర్చుని ఉండగానే కన్నుమూశారు. రీసెర్చ్ కార్పొరేషన్ యంత్రాల వ్యాపారం 1954లో రీసెర్చ్-కాట్రెల్ అనే వేరే కంపెనీ అయింది. విజ్ఞానానికి సాయపడే సంస్థ నేటికీ ఆయన పేర యువ అధ్యాపకులకు గ్రాంట్లు ఇస్తోంది.

ఇక మన సంగతి. మన బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ. గంధకం తక్కువైతే బూడిద కరెంటును సులభంగా పారనివ్వదు, రేకుల మీద పట్టడం కష్టమవుతుంది. అందుకే మన ఇ.ఎస్.పి.లు విదేశాల వాటికన్నా పెద్దవి కావాలి. ఒక లెక్క చూడండి. 210 మెగావాట్ల యూనిట్ గంటకు సుమారు 150 టన్నుల బొగ్గు మండిస్తుంది. నూటికి 40 పాళ్ళు బూడిద అనుకుంటే 60 టన్నులు, అందులో పొగతో ఎగిరేది దాదాపు 48 టన్నులు. ఇ.ఎస్.పి. నూటికి 99 పాళ్ళు పడితే ఊరి మీద పడేది గంటకు 480 కిలోలు. 99.9 పాళ్ళు పడితే 48 కిలోలే. ఆ చివరి దశాంశం కోసం రేకుల వైశాల్యం ఒకటిన్నర రెట్లు కావాలని 1922లో డాయిట్ష్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం చెబుతుంది. ఖర్చంతా అక్కడే. ఊరివాళ్ళ ఊపిరి కూడా అక్కడే.

నేను పనిచేసిన ఒకచోట, రాత్రి షిఫ్టులో కరెంటు ఆదా పేరిట రెండు ఫీల్డులు ఆపించేవారు. చీకట్లో చిమ్నీ పొగ ఎవరికీ కనబడదు. తెల్లవారేసరికి పక్క ఊళ్ళో కళ్ళాలలో ఆరబోసిన మిరపకాయల మీద బూడిద పరుచుకుని ఉండేది. నేను ఆ ఆజ్ఞను ప్రతిసారీ లాగ్ బుక్‌లో టైముతో సహా రాసేవాణ్ణి. దానివల్ల నాకు దక్కినది ఒక బదిలీ. హాపర్ల కింద గొట్టాలు పొడిచి బూడిద దించిన కూలీలలో కొందరు ఈనాడు దగ్గుతూ కనబడతారు. వారికి మన సంఘంలో సభ్యత్వం లేదు, పెన్షనూ లేదు.

ఇప్పుడు ఈ వ్యాపారం మారిందని విడిభాగాల సరఫరాలో ఉన్న మా అబ్బాయి చెబుతుంటాడు. పూర్వం పెద్ద స్టేషన్లకు ఘనమీటరుకు 150 మిల్లీగ్రాముల దుమ్ము అనుమతి ఉండేది. 2015 డిసెంబరు నిబంధనలతో అది పాత యూనిట్లకు 100, 2004 నుంచి 2016 వరకు వచ్చిన వాటికి 50, ఆ తరువాతి వాటికి 30 అయింది. దానితో పాత ఇ.ఎస్.పి.లకు ఫీల్డులు కలపడం, కొత్తరకం హై ఫ్రీక్వెన్సీ సెట్లు బిగించడం, సిమెంటు ఫ్యాక్టరీలలో గుడ్డ సంచుల బ్యాగ్ ఫిల్టర్లు పెట్టడం పెరిగాయి. బ్యాగ్ ఫిల్టరుకు బూడిద గుణంతో పెద్దగా పని లేదు. కాని సంచులు మార్చే ఖర్చు, ఫ్యాను కరెంటు ఖర్చు భరించాలి. మనం చెరువుల్లో పోసిన బూడిదను ఇప్పుడు సిమెంటువాళ్ళు, ఇటుకలవాళ్ళు లారీల్లో తీసుకెళుతున్నారు. కాట్రెల్ గారి పొటాష్ కథ మన ఇంట్లోనే మళ్ళీ జరిగింది.

గంధకపు వాయువు మాటకొస్తే, దాన్ని కడిగే ఎఫ్.జి.డి. యంత్రాలు పెట్టాలని 2015లో అన్నంత పనిచేశారు. గడువులు పలుమార్లు పొడిగించారు. 2025 జూలైలో చాలా స్టేషన్లకు మినహాయింపు ఇచ్చారు. నిబంధన బిగిస్తే ఆర్డర్లు వస్తాయి, సడలిస్తే ఆగిపోతాయి. కాట్రెల్ గారి కాలంలో రైతుల దావా చేసిన పని ఈనాడు గెజెట్ చేస్తోంది.

సోదర సభ్యులకు ఒక్క మనవి. మనలో చాలామంది ప్లాంటుల చుట్టుపక్కలే ఇళ్ళు కట్టుకుని స్థిరపడ్డాము. మన మనవలు పీల్చేది ఆ గాలే. చిమ్నీ దగ్గరి మీటరు ఎంత చూపిస్తోందో అడిగే అనుభవం, చెప్పిన జవాబులో నిజమెంతో తెలుసుకునే నేర్పు ఊళ్ళో మనకు తప్ప మరెవరికుంది? రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం, హాపర్ కూలీల వైద్యం విషయం చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను.