శాండో బనియన్ వెనక ఉన్న మనిషి



శాండో బనియన్ అనే మాట తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు. చేతుల్లేని ఆ బనియన్‌కి ఒక మనిషి పేరు పెట్టారని మాత్రం చాలామందికి తెలియదు. ఆయన యూజెన్ శాండో. శరీర సౌష్ఠవానికి పెద్ద ఎత్తున తొలి పోటీ నిర్వహించింది ఆయనే.

బాలాపూర్ నుంచి శంషాబాద్ వైపు వెళ్తుంటే దారిలో జిమ్ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. తొమ్మిది, పది తరగతుల అబ్బాయిలు అద్దం ముందు నిలబడి చెయ్యి మడిచి కండ చూసుకోవడం మీరూ గమనించే ఉంటారు. అందుకే ఈ నెల జీవితకథకు శాండోను ఎంచుకున్నాం.

బరువులెత్తిన కుర్రాడు

ఆయన అసలు పేరు ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ ముల్లర్. 1867 ఏప్రిల్ 2న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరు రష్యాలో ఉంది. దాని పేరు కాలినిన్‌గ్రాడ్. పద్దెనిమిదేళ్ల వయసులో ఇల్లు వదిలి, సర్కస్‌లలో పనిచేస్తూ యూరప్ తిరిగారు. బ్రస్సెల్స్‌లో అటిలా అనే పేరుతో ప్రసిద్ధుడైన వ్యాయామ గురువు దగ్గర శిష్యుడిగా చేరారు.

1889లో లండన్‌లో శాంప్సన్ అనే వస్తాదు, తనను ఓడించగలవాళ్లు ఉంటే స్టేజీ మీదికి రమ్మని రోజూ ప్రేక్షకులను సవాలు చేసేవాడు. శాండో వెళ్లి, ముందు అతని శిష్యుణ్ణి, తర్వాత అతన్నే ఓడించారు. ఆ గెలుపుతో లండన్ అంతా ఆయన పేరు మోగింది.

1893లో అమెరికా వెళ్లినప్పుడు ఒక విషయం బయటపడింది. జనం ఆయన ఎత్తే బరువుల కంటే ఆయన శరీరాన్నే ఎక్కువ ఆసక్తిగా చూస్తున్నారు. షికాగోలో ఆయన ప్రదర్శనలు నడిపిన జీగ్‌ఫెల్డ్ ఇది కనిపెట్టి, కేవలం కండరాలు చూపించే అంశాలను చేర్చారు. మరుసటి ఏడాది ఎడిసన్ స్టూడియోలో శాండో మీద ఒక చిన్న సినిమా కూడా తీశారు. ఇలా బలప్రదర్శన కాస్తా రూపప్రదర్శన అయింది. నేటి బాడీబిల్డింగ్‌కు మొదలు ఇక్కడే.

మూడేళ్ల సన్నాహం

శాండో స్టేజీతో ఆగలేదు. 1897లో లండన్‌లో వ్యాయామశాల తెరిచారు. పెద్ద పెద్ద బరువులు అవసరం లేదు, తేలికపాటి డంబెల్స్‌తో రోజూ పద్ధతిగా చేస్తే చాలని నేర్పారు. ఆఫీసులో కూర్చుని పనిచేసే గుమస్తాలు కూడా ఆయన పుస్తకాలు చూసి ఇంట్లోనే కసరత్తు చేసేవారు. 1898లో సొంతంగా ఒక పత్రిక మొదలుపెట్టి, అందులో పోటీ ప్రకటించారు.

ఫైనల్‌కు మూడేళ్లు పట్టింది. ముందు ఇంగ్లండ్ కౌంటీల వారీగా పోటీలు జరిగాయి. అంటే మన జిల్లా స్థాయి పోటీల్లాంటివి. వాటిలో నెగ్గినవారికే లండన్ పిలుపు. 1901 సెప్టెంబర్ 14న రాయల్ ఆల్బర్ట్ హాల్ కిక్కిరిసిపోయింది. 60 మంది పోటీదారులు నల్లటి టైట్స్, చిరుతపులి తోలు ధరించి సంగీతానికి తగ్గట్టు నడుస్తూ వచ్చారు. న్యాయనిర్ణేతల్లో ఒకరు శిల్పి చార్లెస్ లాస్. ఇంకొకరు షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్. తుది మాట శాండోది.

మార్కులు దేనికి?

తల్లిదండ్రులుగా మనం గుర్తుపెట్టుకోవలసింది ఆ పోటీ నిబంధనలనే. చూసినవి ఐదు అంశాలు: మొత్తం శరీరాభివృద్ధి, అన్ని భాగాల మధ్య సమతూకం, కండరాల బిగువు, సాధారణ ఆరోగ్యం, చర్మం స్థితి. అందరికంటే లావు కండలున్నవాడికే బహుమతి అన్న నియమం ఎక్కడా లేదు. ఛాతీ పెంచి కాళ్లు వదిలేసినవాడికి సమతూకంలో మార్కులు పోతాయి. కండ ఉండి ఆరోగ్యం లేనివాడికీ పోతాయి.

మొదటి బహుమతి నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం ముర్రేకు దక్కింది. బహుమతి శాండో రూపంలోనే చేసిన బంగారు ప్రతిమ. రెండు, మూడు స్థానాలకు వెండి, కంచు ప్రతిమలు ఇచ్చారు. నేటి మిస్టర్ ఒలింపియా విజేతలు అందుకునే ట్రోఫీ కూడా శాండో బొమ్మే.

ఇప్పటి పోటీల సన్నాహం వేరు. నెలల తరబడి బరువు పెంచి, తర్వాత కొవ్వు కరిగిస్తారు. చివరి రోజుల్లో కొందరు నీళ్లు, ఉప్పు కూడా తగ్గిస్తారు. స్టేజీ మీద కనిపించే ఆ రూపం ఏడాది పొడవునా నిలిచేది కాదు. ఈ సంగతి తెలియకుండా ఫోన్‌లో ఫొటో చూసి, నెలలో అలా తయారవ్వాలనుకునే పిల్లాడు డబ్బా పొడుల వైపు, అంతకంటే ప్రమాదకరమైన ఇంజక్షన్ల వైపు చూస్తాడు.

మన గడ్డ మీద

1904-05లో శాండో భారతదేశంలోనూ ప్రదర్శనలు ఇచ్చారు. అయితే ఆయన రాకముందే మనకు తాలింఖానాలు, దండాలు, బస్కీలు, గదలు ఉన్నాయి. అదే కాలంలో శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో ఎదిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, బడి పిల్లలకు డ్రిల్లు నేర్పారు. తర్వాత సర్కస్ బలప్రదర్శనలతో కలియుగ భీముడిగా పేరు పొందారు. అంత బలశాలి మొదట చేసింది పీఈటీ ఉద్యోగం!

చివరి రోజులు

1911లో శాండోను ఐదో జార్జి రాజు తన వ్యాయామ శిక్షకుడిగా నియమించారు. కానీ ఆయన పేరుతో నడిచిన కోకో వ్యాపారం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కూలిపోయింది. 1925 అక్టోబర్ 14న, 58 ఏళ్ల వయసులో ఆయన లండన్‌లో కన్నుమూశారు. లోకమంతా తెలిసిన ఆ మనిషి సమాధి మీద దశాబ్దాల పాటు పేరు చెక్కిన రాయి కూడా లేదు. పేరు, వ్యాపారం, రూపం ఏవీ చివరిదాకా నిలవలేదు. రోజూ కాసేపు, కొద్ది బరువుతో, పద్ధతిగా చేయమన్న ఆయన పాఠం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

మీ అబ్బాయో అమ్మాయో జిమ్‌కి వెళ్తామంటే వెంటనే వద్దనకండి. సరే అని ఫీజు కట్టేసి ఊరుకోనూ వద్దు. ముందు డాక్టర్‌కి ఒకసారి చూపించండి. మా పీఈటీ సార్‌తో మాట్లాడండి. పొడులు, మాత్రలు ఏవైనా వాడుతున్నారేమో నెమ్మదిగా అడగండి. నిద్ర సరిపోతోందా, అన్నం సరిగా తింటున్నారా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అన్నది చూడండి. 1901లో ఆ హాల్లో చూసినదీ దాదాపు ఇదే. జబ్బ కొలత ఎంతో తర్వాత అడగవచ్చు.