గోండు బాలుర అక్షరబంధువు హైమన్‌డార్ఫ్

ఇంటి భాష ఒకటి, బడి భాష మరియొకటి అయినపుడు బాలుడు పడు క్లేశము తెలంగాణ ప్రజలకు క్రొత్త సంగతి కాదు. నిజాము రాజ్యమున విద్య ఉర్దూలో సాగిన దినములలో తెలుగువారు తమ పుస్తకములను తామే సమకూర్చుకొనవలసి వచ్చెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది ఈ కొరత వలననే. హుస్నాబాద్ పరిసరముల పాతతరము వారికి ఆ కథ తెలిసినదే. కాని అదే రాజ్యమున, ఉత్తరముగా పోయి గోదావరి దాటినచో కానవచ్చు ఆదిలాబాదు అడవులలో, అంతకంటె దుస్థితిలోనున్న బాలురు ఉండిరి. వారు గోండులు. వారి ఇంటి మాటకు బడియు లేదు, పుస్తకమును లేదు. ఆ మాటను పాఠ్యపుస్తకమునకు ఎక్కించుటకు పూనుకొన్నవాడు వేల క్రోసుల దూరమునుండి వచ్చిన పరదేశి. ఆయనయే క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున, ఉన్నత వంశమున జన్మించెను. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి 1931లో డాక్టరు పట్టము పొందెను. తరువాత లండను చేరి, ఆ శాస్త్రమున ఆచార్యుడుగా ప్రసిద్ధిగన్న మలినోవ్‌స్కీ యొద్ద శిష్యరికము చేసెను. ప్రజల నడుమ నివసించి, వారి భాష నేర్చి, వారి జీవితమును లోపలినుండి గ్రహింపవలెనన్నది ఆ గురువు బోధ. 1936-37లో అస్సాము కొండలలోని కొన్యాక్ నాగుల మధ్య గడపి ఆయన ఆ బోధను ఆచరణలో పెట్టెను. 1938లో బెట్టీ బర్నార్డో అను ఆంగ్లవనితను వివాహమాడెను. నాటి నుండి ఆయన ప్రయాణములందును, పరిశోధనలందును ఆమె సగము భారము వహించినది.

1939లో దంపతులు మరల భారతదేశము వచ్చిరి. ఇంతలో యూరపున మహాయుద్ధము ప్రారంభమయ్యెను. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయినందున హైమన్‌డార్ఫ్ చేత నున్నది జర్మను పాసుపోర్టు. ఆంగ్ల ప్రభుత్వము దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. అయినను ఆయన విద్వత్తు నెరిగిన అధికారులు చెరసాలకు పంపక, హైదరాబాదు సంస్థానపు టెల్లలలో ఉండుటకు అనుజ్ఞ నొసగిరి. విధి ఆయనకు విధించిన నిర్బంధము ఈ దేశపు ఆదివాసులకు మేలుగా పరిణమించెను. మొదట ఆయన నల్లమల అడవులలోని చెంచుల యొద్దను, పిదప గోదావరి లోయలోని కొండరెడ్ల యొద్దను నివసించి గ్రంథములు రచించెను.

ఆ కాలముననే ఆదిలాబాదు మన్యము అట్టుడికినట్లు ఉడికిపోవుచుండెను. తరతరములుగా దున్నుకొనుచున్న పొలములు అడవిశాఖ హద్దులలో చిక్కుకొనగా, మరికొన్ని మైదానముల నుండి వచ్చిన వారి వశమగుచుండెను. ఈ అన్యాయము నెదిరించిన కొమరం భీము 1940లో జోడేఘాట్ వద్ద పోలీసుల కాల్పులకు బలియయ్యెను. ఈ కలతకు మూలమేమో తెలిసికొనవలసిన అవసరము సర్కారుకు కలిగినది. గోండుల స్థితిగతులను పరిశీలించు కార్యము హైమన్‌డార్ఫ్‌కు లభించెను. ఆయన కచ్చేరీలో కూర్చుండి విచారణ జరుపలేదు. భార్యతో కూడ మార్లవాయి అను గోండు గూడెమునకు పోయి, గోండుల ఇండ్లవంటి ఇంటనే కాపురముండెను.

మార్లవాయిలో ఆయన కనుగొన్న సత్యము రెండు విధములు. గోండులకు చదువు రాదు. కాని వారికి విద్య లేదనుట పొరపాటు. వారి గోత్రముల చరిత్ర, దేవతల పుట్టుక, వీరుల కథలు ప్రధానుల కంఠములలో భద్రముగా ఉండెను. ప్రధానులు గోండులకు వంశపారంపర్యపు గాయకులు. కిక్రి అను మూడు తంతుల వాద్యమును కమానుతో మీటుచు, రాత్రులందు గంటల తరబడి వారు పహండి కుపార్ లింగాల్ కథను, జంగుబాయి కథను పాడుదురు. పిల్లలు పెద్దల ఒడిలో కూర్చుండి ఆలకింతురు. నాలుగు దేవతల వారెవరు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారెవరు, ఏ గోత్రమువారు ఎవరితో వియ్యమందవలెను అను ధర్మమంతయు బాలునికి ఈ పాట వలననే తెలియును. దీపావళినాటి దండారి ఆటలలో, గుసాడీల నెమలిపింఛపు కిరీటములలో, డోలు పెప్రెల ధ్వనిలో అతని బాల్యము గడచును. అట్టి బాలుని తెచ్చి, ఎరుగని భాషలో ఎరుగని సంగతులు వల్లింపుమన్నచో, అక్షరములు నోటికి వచ్చునేకాని మనస్సున నాటవు. అతడు బడిని విడిచి పశువుల వెంట పోవుటలో వింతయేమి?

1943లో మార్లవాయి కేంద్రముగా గోండు విద్యాపథకము ప్రారంభమయ్యెను. మొదటి చిక్కు ఉపాధ్యాయులది. పట్టణముల నుండి వచ్చినవారు అడవిలో నిలువరు, నిలిచినను వారికి గోండీ రాదు. కావున గోండు పిల్లలకు గోండులే గురువులు కావలెనని హైమన్‌డార్ఫ్ నిశ్చయించెను. కొద్దిగా మరాఠీ అక్షరములు తెలిసిన కొందరు గోండు యువకులను వెదకి తెచ్చి, ముందు వారికి శిక్షణ నిచ్చిరి. రెండవ చిక్కు లిపిది. ఆ ప్రాంతపు గోండులకు ఇరుగుపొరుగు భాష మరాఠీ. అందుచేత దేవనాగరి లిపిలో గోండీ వాచకములు తయారయ్యెను. గోండు జీవితమునకు చెందిన సంగతులు, వారి పురాణగాథలు అందు పాఠములయ్యెను. గోండీ మన తెలుగునకు దాయాది భాష. నీటిని వారు యేర్ అందురు. పాలను పాల్ అందురు. చేతిని కయ్ అందురు. బాలుడు ఒక అక్షరము ప్రక్కన మరియొక అక్షరము కూర్చి చదువగా, తన తల్లి పలుకు మాటయే పలకపై ప్రత్యక్షమగును. అక్షరమునకు శబ్దమున్నదనియు, శబ్దమునకు అర్థమున్నదనియు ఆ క్షణముననే అతనికి బోధపడును. చదువుట యను రహస్యమంతయు ఇందే యున్నది. అది ఒకమారు పట్టుపడిన తరువాత మరాఠీ, ఉర్దూ భాషలు నేర్పిరి. ఇంటి మాటతో మొదలిడి లోకపు మాటకు పోవు ఈ వరుస నేటి విద్యావేత్తలు మెచ్చునదియే.

ఈ యత్నమునకు సంస్థానపు రెవెన్యూ మంత్రిగానుండిన గ్రిగ్సన్ అండ నొసగెను. బస్తరు గోండులపై గ్రంథము వ్రాసిన వాడగుటచే ఆయనకు వారి మనస్సు తెలియును. మరాఠీ విద్వాంసుడు సేతుమాధవరావు పగడి గోండుల నడుమ అధికారిగా పనిచేసి వారి భాషకు వ్యాకరణము రచించెను. మార్లవాయిలో శిక్షణ పొందిన యువకులు గూడెము గూడెమునకు పోయి బడులు తెరచిరి. కాలక్రమమున అచ్చటి నుండి పట్వారీలు, గుమాస్తాలు గూడ తయారైరి. తన పొలము పట్టాను తానే చదువగల గోండును మోసగించుట మునుపటివలె సులభము కాదు. అక్షరమునకును భూమికిని గల ఈ సంబంధమును హైమన్‌డార్ఫ్ గుర్తించియే యుండెను. సంస్థానపు గిరిజన సలహాదారుగా ఆయన చేసిన సిఫారసుల ఫలితముగా, 1949 నాటికి ఆదిలాబాదు జిల్లాలో పదునొకండు వేలకు పైగా ఆదివాసి రైతులకు సుమారు 1,60,000 ఎకరముల భూమికి పట్టాలు లభించెను. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల మొరలు వినెడి దర్బారు ఆచారమునకు గూడ ఆయనయే ఆద్యుడు.

ప్రధానుల నోట విన్న గాథలను, పూజావిధులను కూర్చి 1948లో ఆయన ఆదిలాబాదు రాజగోండులపై మహాగ్రంథమును ప్రకటించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున కొంతకాలము ఆచార్యత్వము నెరపి, 1949లో లండనుకు తరలిపోయెను. అచ్చటి ప్రాచ్య విద్యాపీఠమున 1976 వరకు పనిచేసి, నేపాళమందలి షేర్పాలు మొదలగు జాతులను గూర్చియు గ్రంథములు రచించెను.

ఆయన వెడలిన పిమ్మట మార్లవాయి నాటిన మొక్కకు నీరు కరవయ్యెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగి ఆదిలాబాదు ఆంధ్రప్రదేశమున చేరగా, పాఠశాలలలో తెలుగు ప్రధానమయ్యెను. మరాఠీకి వంతెనగా ఎన్నుకొన్న దేవనాగరి ఆవలి ఒడ్డు లేని వంతెన యయ్యెను. మరాఠీలో శిక్షణ పొందిన గోండు ఉపాధ్యాయులు ఇబ్బంది పడిరి. గోండీ వాచకములు మూలబడినవి. 1970ల చివర మరల వచ్చి చూచిన హైమన్‌డార్ఫ్ ఇందులకు వగచెను. చేతులు మారుచున్న భూములను చూచి మరింత వగచెను. 1982లో ప్రకటించిన గ్రంథమున ఈ నష్టమును దాచక వ్రాసెను. ఆయన ఎన్నుకొన్న లిపి కాలమునకు నిలువలేదనుట నిజము. ఆయన పట్టుకొన్న సూత్రము మాత్రము నిలిచినది. గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతుల వలన గోండులకు స్వంత లిపియు నున్నదని ఈ శతాబ్దమున లోకమునకు తెలిసినది. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో స్థానము లభించెను.

బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11వ తేదీన లండనులో కన్నుమూసెను. పిమ్మట ఆయన అస్థికలును మార్లవాయి చేరి భార్య సమాధి చెంత విశ్రమించెను. వియన్నాలో పుట్టినవానికి గోండు గూడెము తుదియిల్లయ్యెను.

గ్రామ గ్రంథాలయమునకు వచ్చు పసివారిలో తొలిసారి పుస్తకము తెరచువారుందురు. వారి ముంగిట మ్రోగు పాట, అవ్వ చెప్పు కథ, ఊరి పేరు ఆ పుటలలో కనబడినచో వారు రెండవ పుటను తామే త్రిప్పుదురు. మార్లవాయి పాకలలో హైమన్‌డార్ఫ్ దంపతులు నిరూపించినది ఇదియే. ఇరువది ఐదేండ్లు నిండిన గ్రంథాలయమునకు రాబోవు ఇరువది ఐదేండ్ల కొరకు దీనికంటె మంచి పాఠము లేదు.