పచ్చిక కోత యంత్ర పితామహుడు ఎడ్విన్ బడ్డింగ్

క్రీడామైదానపు పచ్చికను సమంగా కోసే యంత్రానికి మూలం ఒక బట్టల మిల్లు అని తెలిసినవారు అరుదు. దాని నిర్మాత ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ 1796లో ఇంగ్లాండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో జన్మించాడు. అక్కడి మిల్లులలో ఉన్నివస్త్రంపై నూగును కత్తిరించే తిరుగుడు కత్తులను గమనించి, ఆ సూత్రాన్నే పచ్చికకు అన్వయించి 1830లో పేటెంటు పొందాడు. జాన్ ఫెరబీ పెట్టుబడి సమకూర్చాడు. బడ్డింగ్ 1846లో, యాభైయవ యేట మరణించాడు.

ఆయన యంత్రాన్ని మనిషే నెట్టవలసివచ్చేది. తరువాత గుర్రాలు లాగాయి. 1902లో రాన్సమ్స్ సంస్థ పెట్రోలు యంత్రాన్ని నిర్మించగా, మనిషి దానిపై కూర్చొని నడపసాగాడు.

నేటి స్వారీ యంత్రాలు ప్రధానంగా రెండు విధాలు. బడ్డింగ్ పద్ధతిలోని స్తూపాకారపు కత్తులు కత్తెరవలె నున్నగా కోస్తాయి. కాని వాటికి చదునైన నేల, పొట్టి పచ్చిక అవసరం. రాయి తగిలితే అంచు చెడుతుంది. అడ్డంగా గిరగిర తిరిగే కత్తి ఎత్తైన గడ్డిని సైతం నరుకుతుంది. కాని కోత అంత నున్నన కాదు. గులకరాళ్లు ఎగిరి మనుషులకు తగిలే ప్రమాదమూ ఉంది. కనుక రాళ్లు మెండైన మన చిత్తూరు సీమలో ఏ యంత్రం కొన్నా ముందుగా రాళ్లేరడం విధి.

ఒక వృత్తిలోని పనిముట్టు మరొక వృత్తికి వెలుగు చూపింది. నగరి మగ్గాల చప్పుడు వింటూ పెరిగే మన విద్యార్థులు ఈ జీవితం నుండి గ్రహించవలసినది ఆ పరిశీలనాదృష్టినే.