ఆయుధం పట్టని వీరుడు జత్రా భగత్

ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్లో ఏటా పిల్లలతో మన వీరుల బొమ్మలు గీయిస్తాం. బిర్సా చేతిలో విల్లు, కొమురం భీం చేతిలో తుపాకి కనిపిస్తాయి. జత్రా భగత్ బొమ్మ మాత్రం ఎవరూ గీయరు. ఆయన చేతిలో ఏ ఆయుధమూ లేదు. అందుకే ఆయన గురించి నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాం.

జత్రా 1888లో, ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా బిషున్‌పూర్ ప్రాంతంలో ఉరావ్ కుటుంబంలో పుట్టారు. ఉరావ్‌ల కుడుఖ్ భాష మన తెలుగు, గోండి, కువి భాషల్లాగే ద్రావిడ కుటుంబానికి చెందినదే. జత్రా చిన్నతనంలోనే బిర్సా తిరుగుబాటును బ్రిటిష్ వారు అణచివేశారు. అడవి నరికి సాగుచేసుకున్న భూమికే ఆదివాసీలు జమీందారుకు శిస్తు కట్టాలి, పైగా వెట్టిచాకిరి చేయాలి.

1914లో, పాతికేళ్ళ వయసులో, జత్రా తమ దేవుడు ధర్మేశ్ తనకు దారి చూపాడని ప్రకటించారు. సారా, మాంసం, జంతుబలి, భూతాల భయం వదిలేయమన్నారు. ముందు మనల్ని మనం శుభ్రం చేసుకోవాలన్నది ఆయన బోధ. జమీందారు పొలంలో వెట్టికి వెళ్ళవద్దని, భూమి దేవుడిచ్చినది కనుక శిస్తు కట్టవద్దని కూడా చెప్పారు. ఎవరినీ కొట్టమనలేదు. అన్యాయమైన పనికి చెయ్యి కదపవద్దన్నారు, అంతే. గాంధీగారి చంపారన్ సత్యాగ్రహానికి మూడేళ్ళ ముందటి మాట ఇది.

కూలీలు పనికి రాకపోయేసరికి జమీందార్లు బెదిరిపోయారు. ప్రభుత్వం జత్రాను, అనుచరులను జైల్లో పెట్టింది. విడుదలయ్యాక ఆయన ఎక్కువ కాలం బతకలేదు. ముప్పై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు.

ఆయన పోయినా ఆ మాట పోలేదు. టానా భగత్‌లుగా పేరుపడ్డ ఆయన అనుచరులు ఖద్దరు కట్టి సహాయ నిరాకరణోద్యమంలో చేరారు. 1922లో గయ కాంగ్రెస్ మహాసభకు కాలినడకన వెళ్ళారు. శిస్తు కట్టనందుకు వారి భూములను వేలం వేశారు. కళ్ళ ముందే పొలం పరాయివాడి పాలవుతున్నా వారు చెయ్యెత్తలేదు, మాట తప్పలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ భూములు తిరిగి ఇవ్వడానికి బీహార్ ప్రభుత్వం చట్టం చేసింది. అయినా అందరికీ భూమి దక్కలేదు. వారి వారసులు ఈనాటికీ ఇంటి ముందు మువ్వన్నెల జెండాకు పూజ చేస్తారు, భూమి కోసం అర్జీలూ పెడుతూనే ఉన్నారు.

పోరాటమంటే కొట్లాట అనుకునే వయసు మా పిల్లలది. తప్పు అని తెలిసిన పనిని చేయనని నిలబడడం, దాని నష్టాన్ని తానే భరించడం కూడా పోరాటమేనని వారికి చెప్పాలి. ఈ ఏడాది మా గోడ మీద జత్రా భగత్ బొమ్మ కూడా పెడతాం. ఉత్త చేతులతోనే గీయమంటాం.