ద్వారం వెంకటస్వామి నాయుడు గారు: చూపు తగ్గినా ఆగని చదువు

ఫిడేలు అనగానే తెలుగువారికి గుర్తొచ్చే పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆయన 1893 నవంబర్ 8న బెంగళూరులో జన్మించి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నతనంలోనే చూపు మందగించడంతో బడి చదువు సాగలేదు. ఇంట్లో అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఫిడేలు నేర్పారు.

వీణకు ఉన్నట్టు ఫిడేలుకు మెట్లు ఉండవు. స్వరం ఎక్కడుందో వేలు వెతకాలి, చెవి సరిచూడాలి. గురువు వాయించింది విని శిష్యుడు వాయించాలి. తప్పితే అక్కడే దిద్దుకోవాలి. ఇలా నేర్పితే చూపు తక్కువైన పిల్లవాడు కూడా ఎవరికీ తీసిపోడు.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల వెలిసింది. ఆస్థానంలోని చాగంటి జోగారావు గారి కుమారునికి చూపు లేదు. ఆ అబ్బాయి కోసమే విజయరామ గజపతి మహారాజు దాన్ని స్థాపించారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వారు 26 ఏళ్లకే అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. బడి చదువు ఆగిపోయిన మనిషే కళాశాలను నడిపారు! ఘంటసాల గారు అక్కడ చదివినది ఆయన హయాంలోనే.

1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1964లో కన్నుమూశారు. 1993లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

మిత్రులారా! ఆయనలో ప్రతిభ ఉంది, నిజమే. కానీ చెవికీ చేతికీ అందేలా నేర్పిన అన్న లేకుంటే ఆ ప్రతిభ ఇంట్లోనే మిగిలిపోయేది. మాలో చాలామందిమి ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చినవాళ్లం. ఇంట్లో పాఠం చెప్పేవారు లేక, రాత్రిళ్లు హాస్టల్లో సీనియర్ అన్నలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నాం. చూపు తక్కువైన తమ్ముడికీ చెల్లెలికీ కావలసింది అదే. బోర్డు మీద రాసింది పైకి చదవాలి. ముందు వరసలో చోటివ్వాలి. పటం చూపించి వదిలేయకుండా నమూనా చేతికిచ్చి తడమనివ్వాలి. చెప్పింది తిరిగి చెప్పించుకోవాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. పరీక్ష రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం కూడా ఆ చట్టంలో ఉన్నాయి. ఈ సంగతి తెలియకనే కొందరు పదో తరగతి దాటకుండా ఊళ్లో ఉండిపోతారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్లలో చదివిన మనం ఈ మాటను ఊరూరా చెబుదాం. అలాంటి పిల్లలు మన హాస్టల్లో చేరిన రోజున, ఆ అన్నగారి పని మనం చేద్దాం.