నగినాత పట్టిన నకానో తకెకో

ఈసారి మన గోడపత్రికకు నేను జపాన్ దేశపు ఒక వీరవనిత జీవితం రాస్తున్నాను. ఆమె పేరు నకానో తకెకో.

పూర్వం జపాన్‌లో సమురాయిలు అనే యుద్ధవీరులు ఉండేవారు. నడుముకు రెండు కత్తులు పెట్టుకునేవారు. పొడుగుది కతానా, పొట్టిది వాకిజాషి. విల్లు, ఈటె కూడా వాడేవారు. సమురాయి ఇళ్ళల్లో ఆడపిల్లలకు నగినాత నేర్పేవారు. అది పొడుగాటి కర్ర, చివర వంపు తిరిగిన కత్తి ఉంటుంది. దానితో పొడవొచ్చు, నరకొచ్చు. కర్ర పొడుగు కాబట్టి బలమైన మగవాడు కత్తితో వచ్చినా దూరంగానే ఆపవచ్చును.

తకెకో 1847లో ఎడో నగరములో జన్మించింది. దాన్నే ఇప్పుడు టోక్యో అంటారు. ఆమె తండ్రి ఐజు ప్రభువు కొలువులో పనిచేసేవాడు. ఆమె చిన్నప్పటి నుండి చదువూ, ఆయుధ విద్యా రెండూ నేర్చుకున్నది. తర్వాత తనే నగినాత నేర్పే టీచరు అయ్యింది.

1868లో జపాన్‌లో అంతర్యుద్ధం వచ్చింది. అంతవరకు దేశాన్ని పాలించిన షోగన్ పక్షాన ఐజు వాళ్ళు నిలబడ్డారు. చక్రవర్తి సైన్యం తుపాకులు, ఫిరంగులతో ఐజు కోటను ముట్టడించింది. తకెకో యుద్ధానికి వస్తానంది. ఆడవాళ్ళను సైన్యంలో చేర్చుకోము అన్నారు పెద్దలు. ఇది చదివితే నాకు కోపం వచ్చింది. నేర్పేటప్పుడు నేర్పారు, పని పడినప్పుడు వద్దన్నారు! మన దగ్గర కూడా అంతే కదా. కట్టెలు మోసేటప్పుడు ఆడపిల్ల అని ఎవరూ అనరు, బడికి పంపేటప్పుడే అంటారు.

తకెకో ఊరుకోలేదు. తల్లి కోకో, చెల్లెలు యూకో, ఇంకొందరు ఆడవాళ్ళు ఆమెతో కలిశారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. తకెకో తాను రాసిన పద్యాన్ని నగినాతకు కట్టుకున్నది. ఒక వంతెన దగ్గర శత్రువుల మీద పడ్డారు. వచ్చింది ఆడవాళ్ళని తెలిసి శత్రువులు ప్రాణాలతో పట్టుకోవాలని చూశారట. ఆలోపు తకెకో కొందరిని నరికింది. అంతలో తుపాకీ గుండు తగిలి పడిపోయింది. అప్పుడామె వయసు 21 ఏళ్ళు.

ఆ రోజుల్లో శత్రువు తల కోసి తీసుకుపోయేవారు. తన తల వాళ్ళకు దొరకకూడదని, దాన్ని తీసెయ్యమని చెల్లెల్ని అడిగింది. ఆ తలను హోకైజీ గుడిలో ఒక పైన్ చెట్టు కింద పాతిపెట్టారు. నాకూ చెల్లెలు ఉంది. తకెకో కంటే యూకోకే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చిందేమో అని నాకనిపిస్తుంది.

సుమారు నెల రోజులు పోరాడి ఐజు లొంగిపోయింది. 1876లో సమురాయిలు కత్తులు పెట్టుకొని తిరగటం నిషేధించారు. నగినాత మాత్రం పోలేదు. జపాన్ ఆడపిల్లలు ఇప్పటికీ ఆటలాగా నేర్చుకుంటున్నారు. ఐజు ఉత్సవంలో తకెకోను తలచుకుంటారు.

మనం యుద్ధం చెయ్యాలని నేను అనటం లేదు. ఎవరో వద్దన్నారని నేర్చుకున్న విద్యను మూల పెట్టకూడదు. పదో తరగతి అయినాక ఇంటికాడ ఇక చాలు అంటే, అక్కలారా, ఈమెను ఒక్కసారి గుర్తు చేసుకోండి.